ప్రాక్సీ కొడ్తడంతే

తారామణికి నోరు ఎక్కువని పుట్టింట్లో అన్నారు, అత్తింట్లో అన్నారు. నాచారంలో ఆమె పనిచేసే మందుల కంపెనీలో సూపర్‌వైజరైతే కాగితం మీద రాసి మరీ చేతికిచ్చాడు. ఆమె లెక్కచేయలేదు. ఉప్పల్ పాత ఊళ్ళో మూడు వాటాల ఇంట్లో మంచినీళ్ళ నల్లా తమ వాకిట్లోకి వచ్చిందంటే ఆ నోటి చలవే. గ్యాసు బండవాడు గల్లీ మొదట్నుంచి వంటింటి దాకా మోసుకొచ్చి పెట్టేదీ ఆ నోటికి జడిసే. అదే నోరు ఒక ఆదివారం పొద్దున ఆమె మొగుణ్ణి తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టింది.

రెండువేల పన్నెండు, శ్రావణమాసం. మొగుడు నాగేందర్ కూరగాయలకని ఉప్పల్ చౌరస్తా దాకా పోయాడు. తారామణి వాకిట్లో బట్టలు పిండుతోంది. జీపు గల్లీ మొదట్లో ఆగింది. ఒక ఎస్సై, ఒక కానిస్టేబులు, చంకలో ఫైలుతో హన్మయ్య అనే రైటరు దిగారు. స్టేషన్లో రాతకోతలన్నీ ఈ హన్మయ్యవే. ఆ స్టేషన్ ఏదన్నది ఇక్కడ అవసరం లేదు, అన్ని స్టేషన్లలోనూ బెంచీలు అలాగే ఉంటాయి. ఎస్సై ఒక కాగితం చూపించాడు. దాని మీద మధ్యలో చుక్కలు పెట్టి నాలుగు నంబర్లున్నాయి. ఆ నంబరు ఇంటర్నెట్టు ఈ ఇంట్లోదేనని, దాంట్లోంచి ఒక మెయిల్ పోయిందని, ఒక కంపెనీ పరువు తీసేలా అందులో రాశారని అన్నాడు.

ఆ మాట వినగానే తారామణికి అర్థమైంది ఒక్కటే, మొగుడు సజ్జ మీద పెట్టిన కంప్యూటర్ డబ్బా. మూడేళ్ళుగా ఆ నల్ల డబ్బాతో ఆమెకు పడదు. పగలూ రాత్రీ గుర్రుమంటుంది, దీపం ఆరదు, ఇంట్లో ఎవరికీ పనికిరాదు. మరి ఎవరి కోసమంటే నాగేందర్ చెప్పే సమాధానం విని ఆమెకు ఒళ్ళు మండేది. ఎవరో తెలియనివాళ్ళ కోసమట. తమ అడ్రసుతో రాయడానికి భయపడేవాళ్ళు, ఏదైనా సైటు మూసేస్తే చూడలేనివాళ్ళు ముందు ఈ డబ్బాలోకి వస్తారట, ఇక్కడి నుంచి బయటికి పోతారట. అవతలివాళ్ళకు ఈ ఇంటి నంబరు ఒక్కటే కనిపిస్తుందట. వచ్చినవాళ్ళెవరో డబ్బా రాసి పెట్టుకోదట. ఇలాంటి పిచ్చివాళ్ళు హైదరాబాద్‌లో మొత్తం ఆరుగురు. ఎవరికీ నయాపైసా రాదు.

నాగేందర్‌కు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. అతను ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. నాలుగేళ్ళ కింద అక్కడ ఒకమ్మాయి పేరు లేకుండా మేనేజ్‌మెంటుకు మెయిల్ రాసింది, ఒక లెక్చరర్ చేతులు ఎక్కడెక్కడ వేస్తున్నాడో చెబుతూ. ఎవరు రాశారో తీయమని ప్రిన్సిపాల్ అడిగాడు. నాగేందర్ పది నిమిషాల్లో తీసి ఇచ్చాడు. శభాష్ అన్నారు. పదిహేను రోజుల తర్వాత ఆ అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. అతను చాలా రోజులు సరిగ్గా తినలేదు. తర్వాత డబ్బా తెచ్చాడు.

ఆరుగురూ కలిసి ఒక జాగ్రత్త పెట్టుకున్నారు. పోలీసులు వస్తే ఇంట్లోవాళ్ళు ఏమీ చెప్పకూడదు, దేని మీదా సంతకం పెట్టకూడదు, మల్కాజిగిరిలో దుర్గాభవాని అనే వకీలుకు ఫోన్ చేయాలి. ఆ నంబరూ, నెట్టులో డబ్బాకు చేరే పేరూ రాసిన కాగితం అల్మారా తలుపుకు లోపలివైపు అంటించి ఉంది. నాగేందర్ రెండుసార్లు చదివి వినిపించాడు. మనమేమన్నా దొంగలమా, వకీలును పిలవడానికని తారామణి అతన్ని కసురుకుంది.

అందుకే ఆ పొద్దున ఆమె అల్మారా వైపు పోలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఎస్సైకి ఎదురు నిలబడింది.

"మా ఆయన ఏం రాయలే సార్. మందికి ప్రాక్సీ కొడ్తడంతే."

హన్మయ్య తలెత్తాడు. అంటే ఏందమ్మా అని మెల్లగా అడిగాడు. ఆ మెల్లదనానికి ఆమె మోసపోయింది. పెద్దాయన, పాపం తెలియదేమో, సులువుగా చెబుదామనుకుంది.

"కాలేజీల హాజరు తీస్కుంటరు సూడున్రి. ఒకని పేరు పిలిస్తె ఇంకొకడు ఎస్ సార్ అంటడు. గట్ల."

డబ్బాను ప్రాక్సీ అంటారని మొగుడి నోట విన్నది. ప్రాక్సీ అంటే ఆమెకు తెలిసిన అర్థం అదొక్కటే. కాలేజీలు తిరిగిన ఉప్పల్ పిల్లల్లో ఎవరినడిగినా అదే చెబుతారు. హన్మయ్య రాసుకున్నాడు. ఆమె అన్నది ఉప్పల్ మాటల్లో, అతను రాసింది స్టేషన్ తెలుగులో. "నా భర్త నాగేందర్ ఇతరుల పేరున తానే హాజరై సందేశములు పంపుచున్నాడని నాకు తెలియును." తారామణి చదివింది. ఇంటర్ దాకా చదువుకున్న మనిషి, చదవడం రాక కాదు. తను చెప్పిందే గొప్పగా రాశాడనుకుంది. కింద గుండ్రంగా సంతకం పెట్టింది.

నాగేందర్ సంచీతో వచ్చేసరికి డబ్బా జీపులో ఉంది. అతను పోలీసులను ఏమీ అడగలేదు, ఏం చెప్పినవని పెళ్ళాన్ని అడిగాడు. ఆమె చెప్పింది. అతను సంచీ గడప మీద పెట్టి కాసేపు ఆమెనే చూశాడు. మూడేళ్ళుగా దేనికి భయపడుతున్నాడో అది బయటినుంచి కాకుండా వంటింట్లోంచి వచ్చిందన్నట్టు ఉంది ఆ చూపు. తారామణికి అప్పుడు తల కొట్టేసినట్టయింది, కానీ దేనికో ఇంకా తెలియలేదు. అతన్నీ జీపు ఎక్కించుకుని పోయాక ఆమె అల్మారా తలుపు మీది నంబరుకు ఫోన్ చేసింది.

తెలియజెప్పింది దుర్గాభవాని. మధ్యాహ్నానికి స్కూటీ మీద వచ్చింది. యాభై దాటిన మనిషి, ముఖాన నవ్వన్నది లేదు. ముందు స్టేషన్‌కు పోయి అక్కడి కాగితాలు చూసి వచ్చింది.

"దాంట్లకెల్లి ఏది పోయినా అది నీ మొగుడు రాసింది కాదు, వేరేటోళ్ళది. మనకున్న బలం గదొక్కటే. నువ్వేం రాసిచ్చినవ్? తానే హాజరై అని. ఇప్పుడు వాళ్ళకు పెద్ద సాక్షి నువ్వే."

గట్టిగానే అంది. పక్క వాటాలో ఉండే పెదమామ గండయ్య అన్నీ విన్నాడు. ఈ ఇంటికి పోలీసు జీపు రావడం తన తాత కాలం నుంచి లేదని, ఈ కోడలు వచ్చాక అదీ చూశామని గల్లీ అంతా వినేలా మొదలుపెట్టాడు. సాయంత్రానికి నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. మొగుడు లంగ పనులు చేస్తే పెళ్ళామే పట్టిచ్చిందట అని ఒకరు, ఆమెకే ఏదో ఉండి ఉంటుందని ఇంకొకరు. తారామణి బిందె నింపుకుని వెనక్కి తిరిగింది. ఆమె నోరు మూసుకోవడం ఆ గల్లీ మొదటిసారి చూసింది.

మెయిల్‌లో ఏముందో సోమవారం పనికి పోయాక తెలిసింది. పరువు పోయిందని కేసు పెట్టిన కంపెనీ వేరెవరిదో కాదు, ఆమె పనిచేసేదే. మేనేజరు రంజిత్ ఆమెను క్యాబిన్‌లోకి పిలిపించాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మెయిల్ ప్రింటు ముందు పెట్టాడు. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసుకూ రెండు పేపర్లకూ పంపిన ఉత్తరం అది. అందులో ఉన్నదంతా తారామణి కళ్ళతో చూసిందే. మాత్రలకు పూత పూసే గదిలో గాలి లాగే పంకా ఆరు వారాలుగా నడవడం లేదు. మందు ఆవిరి కళ్ళలోకి, గొంతులోకి పోతోంది. ముగ్గురు ఆడవాళ్ళు పడిపోయారు. ఆఖరున పడిన సాలమ్మ ఇంకా దవాఖానాలో ఉంది. శ్రావణమాసం ఉపవాసాల వల్ల నీరసం అని కంపెనీ రిజిస్టరులో రాశారు. సాలమ్మ జన్మలో ఉపవాసం ఉండలేదు.

చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆమె ఆగిపోయింది. "మేము ఆ గదిని మబ్బులర్ర అంటాము." ఆ పేరు పెట్టింది తారామణే. ఆవిరి కమ్మితే ఎదుటి మనిషి కనపడడం లేదని ఒకరోజు విసుక్కుంటూ అంది. రెండో బల్ల దగ్గర పనిచేసే ముగ్గురే ఆ పేరు వాడతారు. ఒకతె తను. ఒకతె సాలమ్మ, ఆమెకు వేలిముద్రే దిక్కు. మూడోది సంతోషి.

సంతోషిని ఆ డబ్బా దాకా తెచ్చింది కూడా తారామణి నోరే. మధ్యాహ్నం టిఫిన్లు విప్పుకుని తినేటప్పుడు మొగుడి పిచ్చి గురించి తిట్టని రోజు లేదు. ఎవడెవడో మా ఇంట్లోంచి రాసుకుంటడు, ఎవడో ఆ దేవునికి గూడ తెల్వదు అని ఆడిపోసుకునేది. దాని పేరేందక్కా అని సంతోషి ఒకరోజు అడిగింది. నవ్వుకోవడానికనుకుని అల్మారా తలుపు మీది కాగితం చూసి, మందు పెట్టె అట్టముక్క మీద ఆ పేరు తారామణే రాసుకొచ్చి ఇచ్చింది.

రంజిత్ ఆమె ముఖంలో ఏదో పట్టుకున్నాడు. మీ ఆయనకు ఎవరో తెలియదంటే నేను నమ్ముతానన్నాడు. నువ్వు ఆలోచించుకో, నాలుగింటికి నేనూ స్టేషన్‌కు వస్తానన్నాడు.

"ఒక్క పేరు చెప్పు తారామణీ. కంప్లైంట్ ఆ పేరు మీదికి మారుతుంది. మీ ఆయన సాయంత్రం ఇంట్లో టీ తాగుతాడు."

ఆడోళ్ళు పడిపోయిన సంగతి అబద్ధమా సార్ అని ఆమె అడిగింది. అది వేరే విషయం అన్నాడు రంజిత్, ప్రింటు వెనక్కి తీసుకుంటూ.

క్యాంటీను వెనక నల్లాల దగ్గర సంతోషి దొరికింది. జనగామ దిక్కు పిల్ల, ఇరవై మూడేళ్ళుంటాయి, డిగ్రీ మధ్యలో మానేసి వచ్చింది. తారామణి ఆమె మణికట్టు పట్టుకుని గోడ పక్కకు లాగింది. మబ్బులర్ర అని ఎందుకు రాసినవే అని అడిగింది. కాదంటుందనుకుంది. కాదంటే గొంతు పిసకాలనుకుంది. సంతోషి కాదనలేదు.

"నా సంసారంల నిప్పులు వోసినవ్ గదనే."

"సాలమ్మక్క లెవ్వకుంటె మొత్తుకున్నది నువ్వే గదక్కా. ఎవనికన్న రాయున్రే అన్నవ్."

"రాయుమన్న. మా ఇంట్లకెల్లి రాయుమన్ననా?"

సంతోషి ఆమె కళ్ళలోకి చూసింది. "మరి గా డబ్బా ఎవలి కోసం వెట్టిన్రు?"

తారామణి చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమన్న చప్పుడుకు నల్లాల దగ్గరున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. సంతోషి చెంప మీద చెయ్యి పెట్టుకుని, ఏడవకుండా, పోయి చెప్పుకో, నేను అడ్డం రాను అంది. ఆ మాట తారామణి కడుపు మంట మీద ఇంకా పెట్రోలు పోసింది. బతిమాలి ఉంటే బాగుండేది, కసితీరా తిట్టి ఉండేది.

మూడున్నరకు ఆటో ఎక్కింది. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పోశారు, హబ్సిగూడ దాటడానికే పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో ఆమె గట్టిగా నిర్ణయించుకుంది. చెప్పేయాలి. ఇందులో దాచేదేమీ లేదు, చెప్పాలనే బయల్దేరింది. ఎవరో పోరి కోసం తన మొగుడు బెంచీ మీద ఎందుకు కూర్చోవాలి? రాసినవాళ్ళే వచ్చి కూర్చోవాలి.

నాగేందర్ నిన్నటి చొక్కాలోనే ఉన్నాడు. కాగితం మీద ఇంకా అరెస్టు కాలేదు, విచారణకు పిలిచామంటున్నారు. ఆమెను చూసి లేచాడు. లేచినప్పుడు అరికాలు నేలకు ఆనించలేక గోడ పట్టుకున్నాడు. తారామణి ఆ కాలును చూసి తర్వాత ఎస్సైని చూసింది. ఎస్సై ఫైలు చూసుకుంటున్నాడు. ఆ క్షణంలో చేతికి రోకలి దొరికితే ఏం జరిగేదో చెప్పలేం.

అప్పటికే వచ్చి ఉన్న దుర్గాభవాని మొదట నిన్నటి వాంగ్మూలం సంగతి ఎత్తింది. ఈమెకు ఆ మాట అర్థం తెలియక చెప్పిందని, సరిచేసి మళ్ళీ రాసుకోవాలని అడిగింది. తారామణి తన జన్మలో మొదటిసారి, నాకు తెల్వక అన్న సార్ అని నలుగురి ముందు ఒప్పుకుంది.

"హాజరుల వేరేటోని బదులు వీడు పలుకుతడు. మా ఆయన డబ్బా పలుకది సార్. మా ఇంటి ముందట గల్లీ లెక్క. ఎవలెవలో నడుస్తరు. నడిశెటోళ్ళను గల్లీ ఏం అడుగది."

హన్మయ్య నవ్వాడు. నిన్న ఒక తీరు, ఈరోజు ఒక తీరు అన్నాడు. ఇది కూడా రాసుకో, రెండూ ఉంటాయి, మేజిస్ట్రేటు రెండూ చదువుకుంటాడని ఎస్సై చెప్పాడు. అంటే ఆమె సరిచేసిందేమీ లేదు. వాంగ్మూలం ఎక్కడిదక్కడే ఉంది.

అప్పుడు ఎస్సై ఫైలు మూశాడు. రాసింది ఆడమనిషని, కంపెనీ లోపలి మనిషని ఉత్తరం చదివితే చిన్నపిల్లవాడికైనా తెలుస్తుందన్నాడు. మిగతా ఐదుగురు డబ్బాలవాళ్ళ సంగతి కూడా చెప్పాడు. వాళ్ళ పేర్లు అడిగితే నాగేందర్ రాత్రంతా నోరు విప్పలేదట, ఈలోగా ఆ మహానుభావులు నిన్న సాయంత్రమే ఎవరి డబ్బా వారు ఆపేసుకున్నారట. దుర్గాభవాని తల వంచుకుంది. కాబట్టి అది నిజమే. నీ మొగుడి కోసం ఎవరూ రారమ్మా, నువ్వే చెప్పాలి, ఎవరు రాశారో నీకు తెలుసా అని ఎస్సై అడిగాడు.

ఆమె నోరు తెరవకముందే గోడ దగ్గర్నుంచి నాగేందర్ మాట్లాడాడు.

"తెలిస్తె చెప్పెయ్ తారా."

ఆమె అటు తిరిగింది. పేరు అడక్కూడదని, పేరు రాసి పెట్టుకోకూడదని మూడేళ్ళు తన చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి. అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నాతోని అయితలేదింక. ఎవలన్న కానీ. చెప్పెయ్."

ఆమెకు అతని మీద జాలి ముంచుకొచ్చింది. చెప్పేద్దామని ఇటు తిరిగింది. ఎస్సై పక్క కుర్చీలో ఉన్న రంజిత్ జేబులోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు, పేరు వినపడగానే ఎవరికో చేయడానికి. హన్మయ్య అప్పటికే కొత్త కాగితం తీశాడు. ఆమె ఇంకా ఏమీ అనలేదు, అతను మాత్రం పై వరుస రాసేశాడు. నిన్న రాసిన చెయ్యే, అదే పెన్ను. తను ఇక్కడ సంతోషి అంటుంది. ఆ కాగితం మీద అది ఇంకేదో అవుతుంది. సదరు సంతోషి దురుద్దేశముతో అని అవుతుంది. సాలమ్మ ఉండదు, పంకా ఉండదు, ఉపవాసం మాత్రం ఉంటుంది. ఆ బెంచీ మీద, ఆ గోడ పక్కన ఒక ఆడపిల్ల కూర్చుంటుంది. కింద మళ్ళీ తన గుండ్రని సంతకం ఉంటుంది. ఇదంతా ఆమెకు ఒక్కసారిగా కనిపించింది.

"నాకెవ్వలు తెల్వదు సార్."

ఎస్సై మళ్ళీ అడిగాడు. ఆమె అదే చెప్పింది. లైనులో రెండొందల మంది ఉంటారు, ఎవరి పేరని చెప్పాలి అంది. రేపటి నుంచి పనికి రావద్దని రంజిత్ అక్కడే చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హన్మయ్య కొత్త కాగితాన్ని ఉండచుట్టి పడేశాడు. ఇంకో కాగితం తీసి నాగేందర్ అరెస్టు రాయడం మొదలుపెట్టాడు. ఇతరుల పేరున తానే హాజరై అన్న నిన్నటి ముక్క అందులోకి ఉన్నదున్నట్టు ఎక్కింది.

బెయిలుకు వారం పది రోజులు పట్టొచ్చని, అంతకంటే ముందు రావడం కష్టమని బయట వరండాలో దుర్గాభవాని చెప్పింది. తెలిసే తెలియదన్నవా అని ఆమె అడగలేదు. వకీలు కాబట్టి అడగలేదు.

పొద్దు వాలుతుండగా నాగేందర్‌ను జీపు ఎక్కించారు. అతను వెనక సీటులో కూర్చుని కమ్మీ పట్టుకున్నాడు. తారామణి దగ్గరికి పోయింది. కానిస్టేబులు బీడీ ముట్టించుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

"నిజంగ తెల్వదా నీకు?" అన్నాడు నాగేందర్, ఆమెకొక్కదానికే వినపడేలా.

ఎస్సైకి అబద్ధం చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. ఇతనికి చెప్పలేకపోయింది.

"తెలుసు."

కమ్మీ మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి. ఎవలు అన్నాడు.

"నీకు గూడ చెప్ప."

తిడతాడనుకుంది, తిట్టినా పడేదే. అతను ముఖం అటు తిప్పుకున్నాడు. జీపు రామంతాపూర్ వైపు తిరిగి కనపడకుండా పోయేదాకా తారామణి అక్కడే నిలబడి ఏడ్చింది, ఏడుస్తూనే సంతోషిని నోటికొచ్చినట్టు తిట్టింది.